కాశీలో వదిలేసిన కారు

కాశీకి వెళ్ళినవాళ్ళు అక్కడ ఏం వదిలేస్తారో లోకంలో అందరికీ తెలుసు. కాకరకాయ. లేదంటే జన్మలో ఎప్పుడూ నోట పెట్టని ఏదో ఒక పండు. ఇష్టమైనది వదలమని పెద్దలు చెప్పారు, ఇష్టంలేనిది వదిలి జనం సుఖపడ్డారు. ఇంత చిన్న సంగతి అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో పన్నెండేళ్ళుగా కాపురం ఉంటున్న రాజగోపాల్ అనే కెమికల్ ఇంజనీరుకు తెలియకపోవడంతోనే ఈ గొడవంతా మొదలైంది.

1982 జనవరిలో రాజగోపాల్ భార్య గౌరితో ఇండియా వెళ్ళి, అత్తగారి ముచ్చట తీర్చడానికి అందరినీ కాశీ తీసుకెళ్ళాడు. మోకాలి లోతు గంగలో పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డాడు. పక్కన గౌరి ఠక్కున "పొట్లకాయ" అనేసి మునిగి లేచింది. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక పొట్లకాయ ముట్టుకున్న పాపాన పోలేదు. తర్వాత తెలుగు వచ్చిన పండాగారు రాజగోపాల్ వైపు తిరిగాడు.

"మీకు ప్రాణంతో సమానమైనదేదో చెప్పండి బాబూ. గంగమ్మ దగ్గర దాపరికం పనికిరాదు."

చలికో, భక్తికో మరి, మనిషి కరిగిపోయాడు. "నా కారు" అన్నాడు.

అనేసి నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే పండాగారు దోసిట్లోంచి నీళ్ళు వదిలించేశాడు. గౌరి ముఖం చూడాలి అప్పుడు! పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆవిడ మొగుడి వైపు అంత ప్రేమగా చూడటం అదే మొదటిసారి.

ఇంతకీ ఆ కారు సంగతి చెప్పలేదు కదూ. 1969 మోడల్ పాంటియాక్ జీటీఓ, కుంకుమరంగు. అలాంటి వాటిని అమెరికావాళ్ళు మజిల్ కార్లంటారు, అంటే కండలు తిరిగిన కార్లన్నమాట. పెట్రోలు కరువొచ్చి ఊరంతా చిన్న కార్ల వెంట పడినప్పుడు, ఎవరూ వద్దన్న దాన్ని మనవాడు ముద్దుపడి తెచ్చుకున్నాడు. స్టార్ట్ చేస్తే వంటింటి షెల్ఫులో స్టీలు గ్లాసులన్నీ గలగలమనేవి. అందులో ఎక్కించుకుంటే గౌరి కళ్ళు గట్టిగా మూసుకుని, దిగేదాకా హనుమంతుణ్ణి తలుచుకునేది. ఆఫీసుకెళ్ళడానికి వేరే బుద్ధిమంతురాలైన తెల్లకారు ఉంది. ఈ జీటీఓ మాత్రం రాజగోపాల్ వీకెండ్ సంసారం.

ఎడిసన్ తిరిగి రాగానే గౌరి కారు తాళంచెవి తీసి పోపుల డబ్బాలో, జీలకర్ర కింద దాచింది. రాజగోపాల్‌కి మాటంటే మాటే, అందులోనూ గంగలో నిలబడి ఇచ్చిన మాట. కాకపోతే శనివారం పొద్దున్నే మెత్తటి గుడ్డ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళి, అద్దాలు తుడిచి, ఊరికే సీట్లో కూర్చుని, గేరు రాడ్ మీద చెయ్యేసి నిట్టూర్చేవాడు.

"అదీ తప్పేనండీ" అనేది గౌరి తలుపు దగ్గర నిలబడి. "మామిడిపండు వదిలేసినవాడు టెంక చీకుతాడా?"

"నేను తోలడంలేదుగా! తుడుస్తున్నాను."

"చీకడమే అది."

ఏప్రిల్ నాటికి మనిషి చిక్కి సగమయ్యాడు. నిజంగానే అన్నం సహించలేదు పాపం. రెండు వీధుల అవతల ఉండే శ్యామ్‌సుందర్ వచ్చి, ఈ అవతారం చూసి, సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు. ఆయన మూడుసార్లు కాశీకి వెళ్ళినవాడు. మూడుసార్లూ కాకరకాయే వదిలాడు.

"గంత సత్యం ఎవడు చెప్పమన్నడన్నా నిన్ను! సరే, అయిందేదో అయింది. నువ్వు నా కారు అన్నవ్ కదా? కారు టైటిల్, గదే ఓనర్ కాగితం, వదిన పేరు మీదికి ట్రాన్స్‌ఫర్ చెయ్. అప్పుడు అది నీ కారు ఎట్లయితది? వదిన కారు నువ్వు తోల్తున్నవ్, అంతే. గంగమ్మకైనా లా అంటే లా!"

రాజగోపాల్‌కి ప్రాణం లేచొచ్చింది. సోమవారం సెలవు పెట్టి మరీ మోటారు వాహనాల ఆఫీసులో క్యూ కట్టి, కారు గౌరి పేరు మీదికి మార్పించాడు. గౌరి సంతకం కావాలంటే ఇన్సూరెన్సు కాగితాలని చెప్పి పెట్టించుకున్నాడు. ఆ సాయంత్రమే పోపుల డబ్బాలోంచి తాళంచెవి కాజేశాడు. షెల్ఫులో గ్లాసులు గలగలమనగానే గౌరి గరిటె పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ! కళ్ళు పోతాయి!"

"నా కారు నేనెందుకు ముట్టుకుంటాను? ఇది నీ కారు" అన్నాడు రాజగోపాల్, టైటిల్ కాగితం ఆవిడ ముందు రెపరెపలాడిస్తూ.

గౌరి కాగితం తీసుకుని నిదానంగా చదివింది. "నాదేనా? అచ్చంగా?"

"అచ్చంగా!"

"అయితే సరే" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చూసైనా జాగ్రత్తపడాలా, వద్దా? మనవాడు నాలుగు రోజులపాటు ఊరంతా చక్కర్లు కొట్టాడు. ఉత్త పిచ్చిమాలోకం.

శనివారం పొద్దున డోర్‌బెల్ మోగింది. బయట మిసెస్ కొవాల్‌స్కీ అనే డెబ్భై ఏళ్ళావిడ నిలబడి ఉంది. వీధి చివరి చర్చి బేస్‌మెంట్‌లో వంట చేసి, ఇల్లు కదల్లేని ముసలివాళ్ళకు వేడివేడి భోజనాలు పంపే సంఘానికి ఆవిడే పెద్ద. వాళ్ళ వ్యాన్ పాడైపోయిందనీ, పాత కారేదైనా ఉంటే దానం చేయమనీ లైబ్రరీలో కాగితం అంటించింది. ఆ కాగితం గౌరి కంట పడింది.

"నా కారు, నా ఇష్టం" అంది గౌరి మొగుడితో. "గంగమ్మతో లా పాయింట్లు మాట్లాడితే ఊరుకోమంటారా? రండి, దానం మంత్రం చెప్పండి. ఆడదాన్ని, నాకు రాదు."

రాజగోపాల్ ఇంటికొచ్చిన పెద్దావిడ ముందు రభస చెయ్యలేక డ్రైవ్‌వేలోకి నడిచాడు. గౌరి కారు బానెట్ మీద కొబ్బరికాయ పెట్టి, మిసెస్ కొవాల్‌స్కీ చేతిలో తాళంచెవీ తులసాకూ ఉంచి, మొగుడి చేతికి చెంబు అందించింది. దానమిచ్చేటప్పుడు చివర్న 'న మమ' అనాలి, అంటే ఇది ఇక నాది కాదు అని. రాజగోపాల్ మంత్రం సగం మింగేశాడు గానీ ఆ రెండు మాటలూ మింగుడుపడలేదు.

"న..." అన్నాడు. అక్కడే ఆగాడు.

"మమ కూడా అనండి" అంది గౌరి.

అన్నాడు. నీళ్ళు వదిలాడు. చెంబులోంచి వచ్చినవెన్నో, కళ్ళలోంచి వచ్చినవెన్నో చెప్పడం కష్టం. పాపం మిసెస్ కొవాల్‌స్కీ ఏమనుకుందో ఏమో, తులసాకు నోట్లో వేసుకుని భక్తిగా నమిలి, శిలువ గుర్తు వేసుకుని కారెక్కింది.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. అది చేత్తో గేర్లు మార్చే కారు. ఆవిడ క్లచ్ వదలగానే బెదిరిన ఎద్దులా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది, మళ్ళీ గెంతింది. మూడో గెంతుకి చెత్తడబ్బా దొర్లిపోయింది, నాలుగోదానికి ఎదురింటి కుక్క గొలుసు తెంపుకుని పారిపోయింది. ఒక్కో గెంతుకీ రాజగోపాల్ తన పక్కటెముక విరిగినట్టు "అమ్మో" అంటున్నాడు.

మిసెస్ కొవాల్‌స్కీ దిగి, టోపీ సర్దుకుని, దీన్ని తోలగలవాళ్ళు తమ సంఘంలో ఎవరూ లేరంది. అందరికీ డెబ్భై దాటాయట. మధ్యాహ్నం లోపు పద్దెనిమిది ఇళ్ళకు భోజనాలు చేరాలి. డ్రైవర్ దొరక్కపోతే సోమవారం కారుని తుక్కువాడికి ఇచ్చేసి, వచ్చినదాంతో కూరగాయలు కొనుక్కోవాల్సిందే. ఆ మాట అని రాజగోపాల్ వైపు చూసింది.

తుక్కు! ఆ మాట వినగానే రాజగోపాల్ ముఖం తెల్లబోయింది. గౌరి వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆయన ఈసారి ఎత్తు వెయ్యలేదు. చేతులు కట్టుకుని అలా చూశాడంతే.

గౌరి లెక్క వేసుకుంది. కారు ఆయనది కాదు. ఆయనే స్వయంగా నీళ్ళొదిలి చెప్పాడు. తనదీ కాదు. పైగా అవతల ముసలివాళ్ళు ఆకలితో కూర్చున్నారు. వాళ్ళకు అన్నం చేరవేసే పనికి అడ్డం పడితే ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలి? మళ్ళీ కాశీ వెళ్ళాలి!

"శనివారం శనివారం మాత్రమే" అంది చివరికి. "భోజనాలకి మాత్రమే. నేనూ వస్తాను, పక్కన కూర్చుని చూస్తూ ఉంటాను. ఒక్క అనవసరపు టర్న్ తిప్పారా, అక్కడే దిగిపోతాను."

రాజగోపాల్ అప్పటికే డ్రైవర్ సీట్లో ఉన్నాడు.

మొదట్లో శనివారాలన్నీ గౌరి ఒళ్ళో సూపు గిన్నె గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, హనుమంతుణ్ణి తలుచుకుంటూనే వెళ్ళింది. మెల్లగా ముసలివాళ్ళతో పరిచయాలయ్యాయి. వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే కిటికీ తెరలు తొలిగేవి. ఒక తాతగారైతే చొక్కా గుండీలు పెట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. ఆయనకు భోజనం ముఖ్యమో, కారు ముఖ్యమో ఎవరూ అడగలేదు. ఆగస్టు వచ్చేసరికి గౌరి సూపు చప్పగా ఉందని మిసెస్ కొవాల్‌స్కీతో పోట్లాడి, దాని బదులు మిరియాల చారు కాచి పంపడం మొదలుపెట్టింది.

డిసెంబరులో ఒక శనివారం బాగా చలిగా ఉంది. హైవే పక్క రోడ్డు ఖాళీగా ఉంది. పదిహేను ఇళ్ళయ్యాయి, మూడు మిగిలాయి. రాజగోపాల్ భార్యకు భయపడి ముప్ఫై దాటకుండా, ఎంతో పద్ధతిగా, ఏడుపు దిగమింగుకుని తోలుతున్నాడు. గౌరి ఒళ్ళో గిన్నె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. మూత ఎత్తింది. ఆవిరి రావడంలేదు.

"ఏమండీ!"

"ఏం, మెల్లగానే వెళ్తున్నానుగా!"

"అదే నేనూ అంటున్నాను" అంది గౌరి, కళ్ళు పెద్దవి చేసి రోడ్డు వైపు చూస్తూ. "కాస్త తొక్కండి. చారు చల్లారిపోతోంది!"