చెంప మీది ముద్ర

వేలంపాట హాల్లో నంబరు అట్టలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే వెండిపనివాడికి కడుపుమంట అంతకంతకూ పెరుగుతోంది. బల్ల మీద గాజుపెట్టెలో ఉన్నది అతని తోడల్లుడి నాణెం. ఆ తోడల్లుడు దర్జీ. మొన్నమొన్నటిదాకా దాన్ని గుండీల డబ్బాలో పడేసి ఉంచిన మహానుభావుడు.

మామగారు పోయేముందు అల్లుళ్ళిద్దరికీ చెరో పాత వెండినాణెం ఇచ్చాడు. రెండూ కవలలే. రెండింటి మీదా రాజుగారి చెంపలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు చిన్న ముద్ర. పెద్దల్లుడి పనే సొట్టలు తీయడం, మాట్లు వేయడం. లోపం కనబడితే అతని చేతులు ఊరుకోవు. ఆ వారమే గుంట పూడ్చి, చెంప చెక్కి, నాణెం తళతళలాడేలా మెరుగుపెట్టాడు. అత్తగారు చూసి మురిసిపోయింది. ఆవిడ చిన్నల్లుణ్ణి కాక తనను మెచ్చుకోవడం అదే మొదలు.

మర్నాడే దర్జీ పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, నాది కూడా కాస్త బాగుచేసిపెట్టరూ?"

"ఇప్పుడు తీరిక లేదు, తర్వాత చూద్దాంలే."

తీరికకేం, బోలెడుంది. దక్కక దక్కక దక్కిన మెప్పులో వాటా ఇవ్వడానికే మనసొప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. చివరికి దర్జీ అడగడం మానేశాడు.

"ఆ ముద్రే దీని ప్రాణమండీ!" అంటున్నాడు వేలం వేసే పెద్దమనిషి. "ఒక దొరల దగ్గర అచ్చయిన నాణెం, ఓడెక్కి ఇంకో దొరల ఏలుబడిలోకి చేరింది. అక్కడ వెండి డబ్బుకు కరువు. కొత్తవి అచ్చెయ్యడం మాటలా? అందుకని పరాయి రాజు మొహం మీదే తమ ముద్ర కొట్టి, ఇక ఇది మాదన్నారు. తర్వాత ఇలాంటివి చాలామటుకు కరిగించేశారు. పైగా దీన్ని ఎవరూ తోమలేదు, ముట్టుకోలేదు!"

అట్టలు మళ్ళీ లేచాయి. ఇక చాలు, ఆగిపోండిరా అని వెండిపనివాడు లోలోపల శపిస్తున్నాడు. పొద్దున్నే అతనూ తన నాణెం ఆ పెద్దమనిషికి చూపించాడు. ఆయన భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, "అబ్బ, ఏం పనితనం! ముద్ర ఎక్కడుండేదో నాకే దొరకడం లేదు. తూకానికి అమ్ముకోండి," అన్నాడు.

సుత్తి పడింది. దర్జీ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు, కళ్ళనిండా నీళ్ళతో.

"అన్నయ్యా, ఆ రోజు మీరు సరేనని ఉంటే నాదీ నున్నగా అయిపోయేది. నా నెత్తిన పాలు పోశారు!"

వెనకే అత్తగారు. "నీది పాడైనా తమ్ముడిది కాపాడావు నాయనా. ఎంత మంచి మనసు!"

అది రెండో మెప్పు. మింగలేక, కక్కలేక నవ్వాడతను. జేబులో చెయ్యిపెట్టి, రాజుగారి చెంప మీద బొటనవేలితో ముద్ర కోసం తడిమాడు. దొరకలేదు. అంత బాగా చేశాడు మరి.