లిఫ్టు లేని గది

లిఫ్టులు బాగుచేసే మనిషికి లిఫ్టుల మీద నమ్మకం ఉండదు. ఈ మెకానిక్కు సంగతీ అంతే. సెలవులకి అందరం కలిసి నగరం చూసొద్దామని ఇంట్లో అనుకున్నప్పటి నుంచి ఆయన హోటళ్ళకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. గది ఎంత పెద్దది, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, పక్క ఎంత మెత్తగా ఉంటుంది, ఇవేవీ ఆయనకి పట్టలేదు.

"మీ లిఫ్టు ఆగినప్పుడు నేలకి సమంగా ఆగుతుందాండీ? లేకపోతే కాస్త పైకో కిందికో ఆగుతుందా?"

అవతలివాళ్ళు మొదట మర్యాదగానే చెప్పేవారు. తలుపు ఎంత తొందరగా మూసుకుంటుంది, మనిషి అడ్డం ఉంటే మళ్ళీ తెరుచుకుంటుందా, కిందటిసారి ఎవరు వచ్చి చూసి వెళ్ళారు అంటూ ఈయన వరస పెట్టేసరికి వాళ్ళ ఓపిక అయిపోయేది. "సార్, మీకు గది కావాలా, లిఫ్టు కావాలా?" అని ఒకాయన ఫోన్ పెట్టేశాడు కూడా.

పక్కన కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్న బావమరిది పగలబడి నవ్వాడు. అతను అద్దె వ్యాను నడుపుతాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, రెండు పూటలా తిండి అక్కగారింట్లోనే. "బావా, నువ్వు పెళ్ళిచూపుల్లో మా అక్కనైనా ఇన్ని ప్రశ్నలు అడగలేదు" అన్నాడు.

మెకానిక్కు నవ్వలేదు. లిఫ్టుకీ నేలకీ మధ్య వేలెడు ఎత్తు తేడా ఉంటే మామూలు మనుషులు గమనించను కూడా గమనించరు. ఆయన కూతురు మాత్రం అక్కడే తట్టుకుని పడుతుంది.

ఆ పిల్లకి పధ్నాలుగేళ్ళు. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పుట్టి నడక వచ్చినప్పటి నుంచీ కుదురుగా ఒకచోట కూర్చున్న పిల్ల కాదు. మెట్లు దిగమంటే చివరి నాలుగూ దూకేది, ఎక్కమంటే రెండేసి మెట్లు ఒక్కసారిగా ఎక్కేది. అలాంటిది పోయిన ఏడాది నుంచి ఉన్నట్టుండి పడిపోవడం మొదలుపెట్టింది. చెప్పులు జారాయనుకున్నారు, తిండి సరిగ్గా తినడం లేదనుకున్నారు, చూసి నడవదని తిట్టారు కూడా. ఆ తిట్లు తలుచుకున్నప్పుడల్లా తల్లికి ఇప్పటికీ అన్నం గొంతు దిగదు.

అది కండరాల జబ్బు అని పెద్ద డాక్టరు తేల్చారు. పిల్లని బయట కూర్చోబెట్టి, తల్లినీ తండ్రినీ లోపలికి పిలిచి మెల్లగా చెప్పారు. దీనికి మందు లేదు, ఒక ఏడాది నడిస్తే ఎక్కువ, ఈలోగా పడి ఎముక విరిగి మంచం పట్టిందంటే మళ్ళీ లేచి నిలబడటం ఉండదు. ఇద్దరూ మొహాలు తుడుచుకుని బయటికి వచ్చారు. సమయం చూసి పిల్లకి చెబుదామనుకున్నారు. అలాంటి మాట చెప్పడానికి మంచి సమయం ఎప్పుడొస్తుంది? రాలేదు.

రాకపోగా అబద్ధాలు మొదలయ్యాయి. పైఅంతస్తులో అద్దెకుండే ఇల్లు మార్చి కింది వాటాలోకి దిగారు. అదేమని పిల్ల అడిగితే పైకి నీళ్ళు సరిగా రావడం లేదన్నారు. స్నానాలగదిలో గోడకి పట్టుకోవడానికి ఇనుప కడ్డీ బిగించి, అమ్మకి మోకాళ్ళ నొప్పులన్నారు. ఆ మాట నిలబెట్టడానికి పాపం ఆవిడ రెండు రోజులు కుంటింది. మూడోరోజు మరిచిపోయి మామూలుగా నడిచింది. పిల్ల చూసి ఊరుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం నలుగురూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. నగరంలో ఎక్కడ దిగాలో ఆ పూట తేల్చేయాలి. స్నానాలగది శుభ్రంగా ఉంటే చాలని తల్లి అంది. పొద్దుటి ఫలహారం అద్దెలోనే కలిపి ఇచ్చేచోటైతే తనకి ఏదైనా ఒకటేనని మేనమామ అన్నాడు. మెకానిక్కు గొంతు సవరించుకుని, ఒక కొత్త హోటలు దొరికిందనీ, గుమ్మం దగ్గర కూడా మెట్టు లేదనీ, లిఫ్టు బంగారంలాంటిదనీ చెప్పాడు. అంతా అయ్యాక, మాట వరసకి కూతురి వైపు తిరిగాడు.

"నువ్వేమంటావే పిడుగూ?"

పిల్ల తన ఫోన్ బల్లమీద పెట్టి తండ్రి ముందుకి తోసింది. ఏదో పాతకాలపు ఇల్లు. అన్నిటికన్నా పై అంతస్తులో ఒకే ఒక పెద్ద గది. గోడంత కిటికీ, అందులోంచి ఇళ్ళ కప్పులూ వాటి వెనక నదీ. తర్వాతి ఫోటోలో మలుపులు తిరుగుతూ పైకి వెళ్ళే చెక్కమెట్లు.

"నాకు ఇది కావాలి."

"లిఫ్టుందా?"

"లేదు."

"అయితే ఇది కాదు" అని ఆయన ఫోన్ వెనక్కి తోసేశాడు.

"మిగతావన్నీ మీ ఇష్టం నాన్నా. ఎక్కడికి తీసుకెళ్ళినా వస్తాను, ఏం చూపిస్తే అది చూస్తాను. ఉండటం మాత్రం ఇక్కడే."

"నిన్నగాక మొన్న కాళ్ళు లాగుతున్నాయన్నావు కదే" అంది తల్లి.

"లాగితే లాగనీ."

మెకానిక్కుకి కోపం వచ్చింది. ఆయన కోపమంతా భయమేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. బల్ల మీద చేత్తో కొట్టాడు. "ఏమిటే ఈ మొండితనం? హాయిగా లిఫ్టులో వెళ్ళి పడుకోక, మెట్లెక్కి ఊడబొడిచేది ఏముంది అక్కడ?"

పిల్ల తండ్రి కళ్ళలోకి చూసింది.

"లిఫ్టులెక్కడానికి బతుకంతా ఉంది నాన్నా. మెట్లెక్కడానికి ఈ సెలవులే ఉన్నాయి."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనమామ చాపిన కాళ్ళు వెనక్కి లాక్కుని, తల వంచుకుని నేల చూడసాగాడు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాడు మెకానిక్కు.

"మీరే చెప్పారు. నన్ను బయట కూర్చోబెట్టి డాక్టరుగారి దగ్గర్నించి వచ్చారు చూడు, ఆ రోజు దారిలో నేను అడక్కుండానే అమ్మ ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది. ఒకటి కాదు, రెండు. జలుబు చేస్తుందని ఒక్క మాట కూడా అనలేదు." పిల్ల నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది. "అప్పుడే అనుకున్నాను, ఇదేదో పెద్ద జబ్బేనని. తర్వాత నేనే అంతా చదువుకున్నాను."

ఇన్ని నెలలు ఆ పిల్ల ఒక్కర్తే ఇంత బరువు గుండెల్లో పెట్టుకుని, తమ అబద్ధాలకి తలాడిస్తూ తిరిగిందని తెలిసేసరికి మెకానిక్కు ప్రాణం విలవిల్లాడింది. బిడ్డని కాపాడుతున్నామనుకున్నారు. కాపాడింది అదే, వాళ్ళని.

మర్నాడు ఆయన పనిలోకి వెళ్ళాడు. ఏదో ఆఫీసు భవనంలో ఆగిపోయిన లిఫ్టు. లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి, నూనె మరకల చేతులతో ఇనుప తాళ్ళు తడిమి చూస్తూ తన బతుకు గురించి ఆలోచించాడు. జనం మెట్లెక్కే అవసరం లేకుండా చూడటమే తన వృత్తి. దాన్ని తను మంచి పనే అనుకున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క బిడ్డ ఇప్పుడు మెట్లే కావాలంటోంది. ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఇద్దామన్నా ఇవ్వలేడు. ఆ పెట్టె మీద నిలబడే ఫోన్ తీసి, ఆ పాత ఇంటి గది ఖాయం చేశాడు.

ఇంటికి వచ్చి చెబితే భార్య భగ్గుమంది. "మీకు మతి గాని పోయిందా? పడిందంటే ఏమవుతుందో డాక్టరుగారు మీకు చెప్పలేదా, నాకొక్కదానికే చెప్పారా?"

"పడితే పట్టుకుంటాను."

"ఎన్నాళ్ళు పట్టుకుంటారు?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో కాసేపు ఏడ్చి వచ్చింది. వచ్చి, పిల్లకి జారని బూట్లు కొనాలని చెప్పింది.

సెలవులు రాగానే మేనమామ వ్యానులో నగరం చేరారు. ఆ పాత ఇంటి యజమానురాలు ముక్కుసూటి మనిషి. పిల్ల కాళ్ళకేసి చూసి, "కింద గది లేదు, ముందే చెప్పాను. మళ్ళీ ఎక్కలేం, దిగలేం అంటే నా బాధ్యత కాదు" అంది.

"ఎక్కుతానండీ" అంది పిల్ల.

మెట్లకింద నిలబడి మొదటే షరతు పెట్టింది. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తల్లి చూడలేక ముందే పైకి వెళ్ళిపోయింది. మేనమామ సామాను మోస్తూ ముందు నడిచాడు. పిల్ల మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతుంటే, మెకానిక్కు రెండు చేతులూ చాపి, వంగి, వెనకే అడుగులో అడుగు వేశాడు.

పైనుంచి తిరిగి చూసిన మేనమామ, "బావా, కోడిని పట్టేవాడిలా ఉన్నావు" అన్నాడు. పిల్లకి నవ్వాగక మెట్టుమీద కూలబడింది. మెకానిక్కు పడిందనుకుని రెండు చేతులతో పట్టుకోబోయాడు. అది పడటం కాదు, నవ్వడమని తెలిశాక బావమరిదిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఊపిరి పీల్చుకుని, పిల్ల పైదాకా ఎక్కింది. చెమటలు కక్కుతూ కిటికీ దగ్గరికి వెళ్ళి, అద్దానికి నుదురు ఆనించింది. కింద కప్పులు, పొగగొట్టాలు, ఆరేసిన బట్టలు, నది మీద మెల్లగా వెళ్ళే పడవ. "నేనే ఎక్కాను" అంది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. ఆ మొహం చూశాక తల్లి తన కోపం మరిచిపోయింది.

ఆ సెలవుల్లో వాళ్ళు నగరం చూసింది తక్కువే. మ్యూజియానికి వెళ్దామంటే పిల్ల రానంది. కాళ్ళని వృథాగా ఖర్చుపెట్టనని దాని లెక్క. పగలంతా నది ఒడ్డున బల్లమీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళమీద మేనమామతో కలిసి జోకులు వేసేది. సాయంత్రానికి ఓపిక దాచుకుని మెట్లెక్కేది. రోజు రోజుకీ ఎక్కువసేపు పడుతోంది. మలుపుల దగ్గరే కాదు, మధ్యలో కూడా ఆగుతోంది. అది అందరికీ కనిపిస్తోంది.

మర్నాడు తిరుగు ప్రయాణం అనగా ఆ సాయంత్రం తల్లి పైన పెట్టెలు సర్దుతోంది. మేనమామ వ్యానులో పెట్రోలు పోయించడానికి వెళ్ళాడు. మెట్లమీద తండ్రీ కూతురూ ఇద్దరే ఉన్నారు.

సగం పైన ఎక్కాక పిల్ల ఆగింది. ఊపిరి తీసుకుంది. కుడికాలు ఎత్తబోయింది. లేవలేదు. రెండు చేతులతో తొడ పట్టి లేపి పై మెట్టు మీద పెట్టుకుంది. కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాగింది. రెండో కాలు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పళ్ళు బిగపట్టి మరోసారి ప్రయత్నించింది. మెకానిక్కు చేతులు ముందుకి చాపి నిలబడ్డాడు. ముట్టుకుంటే షరతు తప్పినట్టు, ముట్టుకోకపోతే ప్రాణం పోయేట్టు ఉంది.

పిల్ల మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"అయిపోయింది నాన్నా" అంది.

ఆయనకి అర్థం కాక కాదు. అయినా, "కాసేపు కూర్చో, మళ్ళీ ఎక్కుదువుగాని" అన్నాడు.

"కాదు నాన్నా. ఇవాళ్టికే కాదు. అయిపోయింది."

ఆయన కింది మెట్టు మీద కూలబడి, కూతురి బూట్లు రెండూ చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. డాక్టరు చెప్పిన రోజున ఏడవలేదు, ఇల్లు మారిన రోజున ఏడవలేదు. ఆ ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. పిల్ల కూడా ఏడ్చింది. కింది వాటా తలుపు తెరుచుకుంది. ఇంటి యజమానురాలు తల పైకెత్తి చూసి, తలుపు మెల్లగా వేసుకుంది.

కాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "కిందికి దింపనా? వేరే ఎక్కడైనా గది చూస్తాను."

పిల్ల తల అడ్డంగా ఆడించింది. "పైకే." అని, చిన్నప్పటి తర్వాత మళ్ళీ ఎన్నడూ చాపని రెండు చేతులూ తండ్రి వైపు చాపింది.

ఆయన ఎత్తుకున్నాడు. ఎత్తుకునేసరికి తెలిసింది, ఇది చంకలో ఎత్తుకుని తిప్పిన పసిపిల్ల కాదని. నడుం పట్టేసింది. ఒక్కో మెట్టే, కమ్మీకి భుజం ఆనిస్తూ ఎక్కసాగాడు. దాని ఊపిరి ఆయన మెడకి వెచ్చగా తగులుతోంది.

"బరువున్నానా నాన్నా?"

లేదు తల్లీ, పువ్వులా ఉన్నావు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ఆగి, రొప్పు తీర్చుకున్నాడు.

"బరువేనమ్మా" అన్నాడు.

పిల్ల తల ఆయన భుజం మీద వాల్చింది. మెడచుట్టూ చేతులు ఇంకాస్త గట్టిగా బిగించింది.

"ఇంకా పెరుగుతాను కూడా" అంది.

"పెరుగు" అని ఆయన తర్వాతి మెట్టు ఎక్కాడు.