వంతెన దగ్గర కుదుపు

లిఫ్టు మెకానిక్ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా కాలమైంది. దాని నిండా బొమ్మ రైలు పట్టాలు, అట్టముక్కల కొండ, విరిగిన దువ్వెన పళ్ళతో కట్టిన కంచె. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకునే తింటారు. తిన్నాక అతని అత్తగారు బొటనవేలంత అయిపోయి, కిటికీ పక్క సీటు చూసుకుని రైలెక్కుతుంది.

"అమ్మా, కళ్ళజోడు జాగ్రత్త," అంటుంది కూతురు కంచాలు తీస్తూ.

కాసేపు తిరిగొచ్చి, మళ్ళీ మామూలు మనిషై, బట్టలు దులుపుకుని ఆవిడ తీర్పు చెబుతుంది.

"వంతెన దగ్గర ఇవాళా కుదుపే అల్లుడుగారూ. కునుకు పట్టేలోపే నడుం విరిగింది."

"చక్రాలు అరిగాయండీ అత్తయ్యగారూ."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. పెద్దల్లుడుగారి కారులో అయితే వీధి మలుపు తిరక్కముందే నిద్రొచ్చేస్తుంది."

పెద్దల్లుడి కారు మాటెత్తితే మెకానిక్‌కి ఒళ్ళు మండుతుంది. అందుకే, ఇక్కడ నిద్రే పట్టడం లేదని, ఇక పెద్దమ్మాయి దగ్గరే ఉండిపోతానని ఆవిడ పెట్టె సర్దుకుంటే, పీడా విరగడైందనుకున్నాడు. మధ్యాహ్నం బండికి టిక్కెట్టు తనే కొనుక్కొచ్చాడు. ఆవిడ గదిలోకి పట్టాలు పొడిగించి ఇంకో స్టేషను కట్టుకోవచ్చు.

ప్రయాణం రోజు పొద్దున్నే ఆ స్టేషనుకి కొలతలు తీసుకుంటూ ఖాళీ రైలు తిప్పి చూశాడు. చక్కగా వెళ్ళింది, చక్కగా వచ్చింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అతనికి దిగులేసింది. ఇన్నేళ్ళలో తన రైలెక్కిన మనిషి ఆవిడొక్కతే.

వంతెనకి చెంప ఆనించి చూశాడు. రెండు పట్టాలు కలిసేచోట ఒకటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. భార్య గోళ్ళు అరగదీసుకునే ఆకురాయి తెచ్చి రుద్దాడు, వేలితో తడిమి మళ్ళీ రుద్దాడు. రెండో పట్టా కింద అగ్గిపెట్టె అట్టముక్క దోపాడు.

"ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్టు, ఇప్పుడా?" అంది భార్య. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి.

"ఆఖరిసారి ఎక్కుతారు కదా," అన్నాడు తలెత్తకుండా.

భోజనమయ్యాక అత్తగారు ఎక్కింది. వంతెన రాగానే అలవాటుగా సీటు గట్టిగా పట్టుకుంది. కుదుపు రాలేదు. రెండో చుట్టులో కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. మూడో చుట్టుకి బోగీలోంచి దోమ రొదంత గురక మొదలైంది.

వీధిలో టాక్సీ హారను కొట్టింది. పెట్టె గడప దగ్గరే ఉంది.

"అమ్మని లేపండీ, బండి వెళ్ళిపోతుంది!"

మెకానిక్ స్విచ్చు మీద చెయ్యి వేసి, వేగం ఇంకాస్త తగ్గించాడు.

"వెళ్ళనీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఆవిడ బండిలోనే ఉన్నారుగా."

భార్య మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి టాక్సీని పంపించేసింది. వస్తూ వస్తూ పెట్టె ఎత్తుకొచ్చి అమ్మ గదిలో పెట్టింది.