పత్తెం లేని మందు

గోదావరిఖనిలో ఇరవయ్యేళ్ళు బొగ్గుబాయి పని చేసి మోకాళ్ళు నొవ్వని మనిషి ఎవరైనా ఉంటే దండ వేసి ఊరేగించవచ్చు. కొమురెల్లికి ఆ యోగం లేదు. గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. పనికి పోయే ముందు భార్య సారవ్వ అతని మోకాళ్ళకు నూనె రాసి, ఉప్పు మూటతో కాపడం పెట్టేది. బీపీ మాత్ర కూడా ఆమే చేతికిచ్చేది.

ఆ ఇంటికి ఒకనాడు జైపాల్ వచ్చాడు. అదే బాయిలో అతను సర్దార్, అంటే ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పేవాడు. డ్యూటీ దిగాక, కొన్నవాళ్ళనే మళ్ళీ అమ్మేవాళ్ళుగా చేర్చుకునే ఒక గొలుసుకట్టు కంపెనీ సరుకు అమ్ముతాడు. పని చెప్పేవాడే మందు సీసా చేతికిస్తే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? ఈసారి తెచ్చింది గుగ్గిలం సారంతో చేసిన మాత్రలు.

"వదినె, ఇది మన మైసాచ్చే. ఇంట్ల పొగ ఏస్తం సూడు, గదే," అన్నాడు. "దీనికి పత్తెం లేదు. అన్న ఏం తిన్నా నడుస్తది."

సారవ్వ ఆ మాటకే పడిపోయింది. పగలు ఒక వారం, రాత్రి ఒక వారం డ్యూటీ చేసే మనిషి పథ్యం ఎక్కడ చేస్తాడు? మందును అమ్మింది గుగ్గిలం కాదు, ఆ ఒక్క మాట.

ఆమె పుట్టినూళ్ళో వైద్యుడొకాయన ఇదే గుగ్గిలాన్ని త్రిఫల కషాయంలో ఉడికించి, వడగట్టి, నెయ్యితో నూరి మోకాళ్ళకు ఇచ్చేవాడు. ఇచ్చే ముందు రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం తింటున్నావు, ఇంకే మందు మింగుతున్నావు, గుండె దడ ఉందా అని విసుగు పుట్టేదాకా అడిగేవాడు. ఆ తర్వాతే పథ్యం చెప్పేవాడు. పథ్యమంటే వంకాయ మానడమే అనుకుంటాం మనం. ఈ మందు ఒంట్లో దేనితో కలుస్తుందో ముందే కనిపెట్టే జాగ్రత్త అది. మన వ్యాపారులు చెట్టు బంకను తీసుకున్నారు, ఆ జాగ్రత్తను పారేశారు. పారేసిన సంగతినే 'పథ్యం లేదు' అని గొప్పగా సీసా చీటీ మీద అచ్చు వేసుకున్నారు. దీనికి ఒళ్ళు మండకపోతే మరి దేనికి మండాలి?

నిజం చెప్పాలంటే కొమురెల్లి మోకాళ్ళ నొప్పి తగ్గింది. అతని నడక చూసి వాడకట్టంతా సీసాలు కొన్నది. బీపీ మాత్రం దిగలేదు. దవాఖానలో డాక్టరమ్మ, మాత్రలు సరిగ్గా మింగడం లేదని కసిరింది. ఇంకేమన్నా మందులు వాడుతున్నారా అని రాసుకుంటూనే అడిగితే సారవ్వ లేదన్నది. ఆమె దృష్టిలో చెట్టుది మందు కాదు. పైగా ఒకప్పుడు ఆమె కాలికి కట్టిన ఆకుముద్దను చూసి వేరే డాక్టరొకడు వరుసలో నిలబడ్డ వాళ్ళందరి ముందూ నవ్వాడు. ఒకసారి నవ్వులపాలైన మనిషి మళ్ళీ కొంగుముడి విప్పుతుందా?

ఒకనాడు షిఫ్టు దిగాక, టోపీ దీపం అప్పజెప్పే కిటికీ దగ్గర కొమురెల్లి చేతిలోంచి దీపం జారింది. వెంటనే మనిషీ కూలబడ్డాడు. పక్షవాతంతో కుడిపక్క చచ్చుబడింది. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు దవాఖానలో.

ఈసారి డాక్టరమ్మ సారవ్వ పక్కన బల్ల మీద కూర్చుంది. ఆకు, పసరు, పొడి, ఏదైనా సరే చెప్పమ్మా, తిట్టను అన్నది. సారవ్వ సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది.

డాక్టరమ్మ సీసా మీది చీటీ చదివి తల పట్టుకుంది. గుగ్గిలం వాపులకు పనిచేస్తుందేమోనని ఈనాటి శాస్త్రమూ పరీక్షిస్తున్నదనీ, అయితే గుండెకూ బీపీకీ ఇచ్చే కొన్ని మాత్రలను అది ఒంటికి పూర్తిగా పట్టనివ్వదనీ, కొమురెల్లి మాత్ర అటువంటిదేననీ చెప్పింది. దీనివల్లే పడ్డాడని ఖాయంగా అనలేనన్నది. "ముందే తెలిస్తే మాత్ర మార్చేదాన్ని. నేను అడిగిన తీరు కూడా తప్పేనమ్మా," అన్నది.

కొమురెల్లి బతికాడు. దిమ్మెలు మోసిన కుడిచెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు. అతను దవాఖానలో ఉండగానే జైపాల్ కాలనీ కమ్యూనిటీ హాలులో సీసాల మీటింగు పెట్టాడు. సారవ్వ అక్కడికి పోయింది. ఎవరూ పిలవకుండానే లేచి నిలబడి, భర్తకు జరిగినదంతా చెప్పింది.

జైపాల్ తడబడ్డాడు. "అన్నకు గట్లయినందుకు నాకూ బాధే వదినె. కానీ ఇది చెట్టు మందు, ఏం చెయ్యదు."

"ఏం చెయ్యనిది మోకాళ్ళ నొప్పి ఎట్ల తగ్గించింది?" అని అడిగింది సారవ్వ. "మోకాలు మీద పనిచేసేది గుండెను ముట్టదని నీకెవరు చెప్పిండ్రు? ఆయన ఇంకేం మందులు మింగుతుండో ఒక్కసారన్న అడిగినవా? నువ్వు అడుగలే, డాక్టరమ్మ అడిగితే నేను చెప్పలే. మన నడుమ ఆయన చెయ్యి పోయింది."

ఆమె జనం వైపు తిరిగింది. "చెట్టుదిగాని దవాఖానదిగాని, పనిచేసేదంతా మందే. డాక్టరుకు చెప్పకుంట ఏదీ తినకుండ్రి, ఏమీ అడగకుంట ఇచ్చెటోని చేతిల మందు తీసుకోకుండ్రి."