మూత మీద పేరు

రోజూ కాలేజీకి రాగానే ల్యాబ్ అటెండరు చేసే మొదటి పని సీసాలను వెనక్కి జరపడం. జీవశాస్త్రం ల్యాబులో గోడ పొడవునా ఒకే అర ఉన్న గాజు బీరువా ఉంది. అందులో జీవులను చెడకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలు, ఎముకలు స్టాక్ రిజిస్టరులో రాసిన వరుసలో ఉండాలి. తలుపు వేయగానే అవి తమ చుట్టాల వైపు జరుగుతాయి. రోజుకు మూరెడు, అంతకన్నా తొందరపడవు. తిమింగలం ఎముక చేపలను వదిలేసి నీటిగుర్రం పన్ను దగ్గరికి బయల్దేరుతుంది. పీత అని పేరు మోస్తున్న ఒక సముద్రజీవి పీతల మొహం చూడకుండా సాలీళ్ల వైపు పోతుంది. పుట్టగొడుగు మొక్కల్లోంచి లేచి జంతువుల వైపు వస్తుంది. డిపార్టుమెంటు హెడ్డు గారు చదివింది మొక్కల శాస్త్రం కాబట్టి ఈ ఒక్కటీ ఆయనకు గిట్టదు. మిగతావాళ్లెవరూ పట్టించుకోరు. ల్యాబన్నాక సీసాలు జరుగుతాయి, అటెండరన్నాక వెనక్కి నెడుతుంది.

ఆ ల్యాబులో ఇంకో అలవాటుంది. ఫార్మలిన్ కారి చీటీలు ఊడిపోతున్నాయని పేర్లను సీసాల మీద కాక మూతల మీద అంటిస్తారు.

ప్రాక్టికల్ పరీక్షలకు బయటినుంచి వచ్చిన ఎగ్జామినరమ్మ ఒక సీసా తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. మూత మీద 'కాళ్లు లేని ఉభయచరం' అని ఉంది. చూడ్డానికి పాముపిల్లలా ఉన్నా అది కప్పల చుట్టం. దొరకడం కష్టం. ఆ కాలేజీ గొప్పగా చెప్పుకునేది దాని గురించే.

"ఇది మామూలు గుడ్డిపామండీ. పొలుసులు కనిపించడం లేదూ?" అని ఆవిడ సీసా దించి, టీ తాగి వెళ్లిపోయింది.

హెడ్డు గారికి ఆ టీ తర్వాత ఇక ఏదీ సయించలేదు. ఎవరో అసలుది ఎత్తుకెళ్లి దొంగది పెట్టారని తేల్చేశారు. అటెండరును పిలిచి, "చూడమ్మా, బీరువా తాళం నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు కదా" అన్నారు. వచ్చే సోమవారానికి అసలు సీసా రావాలి, రాకపోతే ఉద్యోగం ఉండదు. అంతవరకూ బీరువా జోలికి పోవద్దన్నారు. తాళం తీసుకున్నారు. లోపల ఏది ఎలా ఉందో ఎవరూ చూడకూడదని అద్దాలకు పాత పేపర్లు అంటించి, అంచుల మీద సంతకాలు కూడా చేశారు. ఆమెది ఇరవై రెండేళ్ల ఉద్యోగం. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

ఆ భవనాన్ని ఊడ్చేది ఆమె సొంత అక్కే. ఈ ఉద్యోగం ఉందని మొదట్లో చెప్పి తీసుకొచ్చిందీ ఆవిడే. ఇద్దరూ రోజూ మెట్ల కింద బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని భోంచేస్తారు. హెడ్డు గారు అక్కను కూడా పిలిపించి, చెల్లెలు ఏమైనా పట్టుకెళ్తుండగా చూశావా అని అడిగారు. సంచి పట్టుకెళ్తుంది సార్, అందులో ఏముందో నేనెప్పుడూ చూడలేదు అని చెప్పింది అక్క. ఆ సంచిలో ఉండేవి ఉతకాల్సిన ఏప్రన్లు.

"అలా ఎందుకు చెప్పావక్కా?" అని అడిగింది అటెండరు.

"చూడంది చూశానని చెప్పమంటావా?"

"మా చెల్లెలు అలాంటిది కాదని చెప్పొచ్చుగా."

అక్క డబ్బా మూత తీస్తూ, "ఆయన అది అడగలేదే" అంది. మర్నాటి నుంచి బెంచీకి ఆ చివర కూర్చుంది.

ఆ వారం అటెండరుకు కనిపించిన ప్రతి మనిషీ దొంగే. వాచ్‌మన్ నవ్వితే ఎందుకు నవ్వాడా అనుకుంది. ఎగ్జామినరమ్మ సంచి ఎంత పెద్దదో గుర్తు చేసుకుంది. చివరికి, తాళం మేకుకు తగిలించి ఉన్నప్పుడు ల్యాబు ఊడ్చేది అక్కే కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడింది, కానీ పోనివ్వలేదు. పొద్దున్నే చేతులు సీసాల కోసం తడుముకునేవి. ఈ వారమంతా వాటిని వెనక్కి నెట్టేవాళ్లే లేరు.

సోమవారం ప్రిన్సిపాల్ గారి ఎదుట పేపర్లు చింపారు. సాక్ష్యం కోసం అక్కనూ నిలబెట్టారు. రిజిస్టరులో ఒక వరుస ఉంది, బీరువాలో ఇంకో వరుస ఉంది. పుట్టగొడుగు దర్జాగా జంతువుల మధ్య నిలబడింది. హెడ్డు గారు దానివైపు చూడలేదు. ఉభయచరం మూతున్న సీసా పాముల్లోకి పోయి చేరింది. కప్పల సీసాల మధ్య, వాటిని ఆనుకుని, 'గుడ్డిపాము' అని మూతున్న సీసా ఉంది.

అటెండరు దాన్ని గుర్తుపట్టింది. ఐదు నెలలుగా ఆ సీసా రోజూ కప్పల వైపు వస్తోంది. పాముకు ఇక్కడేం పనే అని తిడుతూ రోజూ తనే వెనక్కి నెట్టింది. మూత మీది మాట నమ్మింది కానీ సీసా మాట వినలేదు.

ప్రిన్సిపాల్ గారు దాన్ని వెలుతురులో పట్టుకుని చూశారు. పాము పొలుసులు లేవు. ఒళ్లంతా ఉంగరాల్లాంటి ముడతలు.

"మూతలు మారిపోయినట్టున్నాయి సార్" అన్నారు హెడ్డు గారు, అవే లేచి మారినట్టు.

"ఎలా మారాయి?"

అటెండరు నేలచూపులు చూస్తూ చెప్పింది. ఫార్మలిన్ మార్చేటప్పుడు తను ఒక్కో సీసా మూతే తీస్తుంది. ఐదు నెలల కిందట తనిఖీ ఉందని తొందరపడి, ఆ రోజు చొక్కా చేతులు మడిచి మూతలన్నీ ఒకేసారి తీసి తొట్టిలో పోసింది హెడ్డు గారే.

హెడ్డు గారు తాళం ఆమె చేతిలో పెట్టారు. క్షమించమని అడగలేదు. పేర్లు ఇక సీసాల మీదే రాయాలని, బీరువాలో ఉన్న వరుసనే రిజిస్టరులో ఎక్కించాలని ప్రిన్సిపాల్ గారు చెప్పి వెళ్లారు.

ఉద్యోగం నిలిచింది. కోపం మాత్రం నిలువునా మండుతూనే ఉంది. హెడ్డు గారంటే పరాయివాడు. ఒకే కడుపున పుట్టిన అక్క కూడా నమ్మలేదే అన్నదే ఆమె బాధ. తనూ అక్కను అనుమానించానని గుర్తొచ్చినా కోపం తగ్గలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ బెంచీకి చెరో చివర తిన్నారు. మంగళవారం అక్క డబ్బా మూరెడు ఇటు వచ్చి ఉంది. బుధవారం ఇంకో మూరెడు. అక్క తల వంచుకుని తింటోంది. గురువారానికి ఆ డబ్బా వచ్చి చెల్లెలి డబ్బాకు ఆనింది. అలవాటైన చేయి కదా, నెట్టడానికి లేచింది. నెట్టకుండా అక్క డబ్బాలోంచి ఒక ముద్ద తీసుకుంది.