మొదటి పిలుపుకే

మా అత్తగారు సొన్నమ్మగారిని అన్నానికి రమ్మనాలంటే మూడుసార్లు పిలవాలి. చెవుడేమీ లేదు. దయ్యాలు మనకు కావలసినవాళ్ల గొంతుతో ఒక్కసారే పిలుస్తాయట, పలికామో పట్టుకుపోతాయట. పట్టపగలు, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో, ఎనిమిదో అంతస్తులో కూడా ఆవిడ పట్టుదల ఇదే. పెళ్లయిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. ఒంగోల్లో మా ఇంట్లో పిలవకముందే పలికేవాళ్లం మరి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆయన గురుమూర్తి మా ఇద్దరినీ జపాన్ దయ్యం సినిమాకు తీసుకెళ్లాడు. చూస్తే వారం రోజులు నిద్రపట్టదని ఊదరగొట్టాడు. నిద్ర హాల్లోనే పట్టింది, అదీ ఆయనకే. గంటసేపు ఖాళీ ఇల్లు, కారే కొళాయి, అంతే. ఆఖరికి వచ్చిన దయ్యం కూడా మొహం మీద జుట్టేసుకుని నిలబడింది తప్ప ఒక్క పనీ చేయలేదు. వెనక వరసవాళ్లు పగలబడి నవ్వారు.

నేను మాత్రం ఏడ్చాను. ఆ దయ్యం చచ్చిపోయిన తల్లి. తలుపు అవతల నిలబడి కూతుర్ని ముద్దుపేరుతో పిలిచింది. ఆ పిల్లేమో గొళ్లెం పెట్టి, బల్ల అడ్డం జరిపింది. ఆ పిల్ల మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. మా అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఒక్కసారి వచ్చి పిలిస్తే చాలని నేనిక్కడ కాచుక్కూచుంటే, అది వచ్చిన అమ్మను కాదంటుందా? నన్ను ఆఫీసులో వరూధిని అంటారు, మా ఆయన "ఇదిగో" అంటాడు, అత్తయ్య "ఏమ్మా" అంటుంది. అమ్మ పిలిచే పేరు అమ్మతోనే పోయింది.

మెలకువ వచ్చిన మా ఆయన నా కళ్లు చూసి, భయపడ్డాననుకుని మురిసిపోయాడు. ఇంటికొచ్చాక నేను కాఫీ కలుపుతుంటే అత్తయ్య పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

"మీయమ్మ నిన్ను ఏమని పిలుస్తా ఉండె?"

"వరాలు" అన్నాను. ఆవిడ కాఫీ తాగి, కొత్తిమీర తెస్తానని కిందికి వెళ్లింది.

మా గుమ్మానికి బెల్లు ఉంది. అత్తయ్య ఎప్పుడూ అదే నొక్కుతుంది. ఆ సాయంత్రం బెల్లు మోగలేదు.

"వరాలూ" అని తలుపు అవతలినుంచి పిలుపు వినిపించింది.

ఆ గొంతు అత్తయ్యదేనని తెలుసు. అయినా చేతిలో గిన్నె సింకులో పడేసి, "వస్తున్నానమ్మా" అంటూ పరిగెత్తి తలుపు తీశాను.

కొత్తిమీర కట్ట పట్టుకుని నిలబడి ఉందావిడ. కోప్పడాలనే చూసింది గానీ కళ్లు తడిగా ఉన్నాయి.

"మూడు తూర్లు పిలిస్తేనే పలకల్లని చెప్పినా కదమ్మా. మొదటి తూరికే తీస్తే ఎట్ల?"

"అయితే ఇంకో రెండుసార్లు పిలవండి అత్తయ్యా" అన్నాను.

లోపలికి రాకుండా, గుమ్మం బయటే నిలబడి పిలిచింది. రెండుసార్లూ పలికాను.