నా పేరున వెళ్లిన జవాబులు

పొద్దున్నే పాలు పిండబోతే మా ఆవు గౌరి పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడి ఉంది. మా ఆయన మునిప్రసాద్ ఫొటో తీసి పశువుల డాక్టరుకు పంపాడు. వచ్చి మందు తీసుకెళ్లమని నిమిషంలో జవాబొచ్చింది. బోరు బాగుచేసేవాళ్లు వస్తారని తన ఫోను నా చేతిలో పెట్టాడు. "మ్మే, ఈ ఫొటో సూపించి మందు బిరీన తే."

పలమనేరు బస్టాండులో దిగగానే ఆ ఫోనుకు ఆస్పత్రి నుంచి మెసేజి వచ్చింది. తెర మీద నా పేరు. 'లోహిత గారూ, ఈ రోజు కూడా రాకపోతే మీరు చికిత్స వద్దన్నట్టు రాసుకుంటాం.'

ఆరు వారాల కింద తిరుపతి ఆస్పత్రిలో నా రొమ్ములో గడ్డకు సూది పరీక్ష చేశారు. నర్సు స్టెల్లా నంబరు అడిగితే నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పేశాడు, "నాదే రాసుకోండి మేడమ్, ఆమెకేం తెలుసు." నా బటన్ ఫోను అప్పుడు నా సంచిలోనే ఉంది. ఇంటికొచ్చాక ఫలితం ఏమైందని అడిగినప్పుడల్లా వస్తే సెప్పనా అనేవాడు. బిడ్డకు పాలిచ్చిన చోట గడ్డలు మామూలేనని, దానికే టౌన్ల వెంబడి తిరుగుతారా అని మా అత్త.

పాత మెసేజిల కోసం వేలితో పైకి జరిపాను.

'ఫలితం వచ్చింది. వెంటనే రండి.' కింద జవాబు: 'ఆవు ఈనింది. వచ్చే నెల వస్తాను.'

'ఆలస్యం చేయకండి.' 'గడ్డ తగ్గింది. నొప్పి లేదు.'

'భయంగా ఉంటే మాట్లాడండమ్మా.' 'భయం లేదు.'

రాత్రుళ్లు గడ్డ మీద చేయి పెట్టుకుని వణికింది నేను. భయం లేదని రాసింది ఆయన. అది చెరిపేయాలని కూడా ఆయనకు తోచలేదు. దాచాల్సినంత సంగతిగా కనిపించి ఉండదు.

నా ఫోను తీసి ఆస్పత్రికి చేశాను. స్టెల్లానే ఎత్తింది.

"నేను లోహితను. ఇన్నాళ్లూ మీకు జవాబులిచ్చింది నేను కాదు."

అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు తగ్గింది. "ఎన్ని గంటలకు రాగలరమ్మా?"

మధ్యాహ్నానికల్లా వస్తానన్నాను. ఇకమీద ఈ నంబరుకే చేయమని చెప్పి తిరుపతి బస్సెక్కాను. చిత్తూరు రాకముందే అత్త ఫోను నుంచి మా ఆయన చేశాడు.

"యాడుండావే? గౌరికి డాక్టరేమన్నాడు?"

"గౌరి మందుకు నువ్వే పో. నా జవాబు నేనే సెప్పుకునేదానికి తిరుపతికి పోతాండా."